సబ్‌వూఫర్ హమ్ పోవాలని ఎర్తు పిన్ను తీసేశారా? ముందు ఇది చదవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గుంటూరులో సొంతిల్లు, హాల్లో 5.1 ఏవీ రిసీవర్ (టీవీ, పాటల సౌండుని స్పీకర్లకి పంచే ఆంప్లిఫైయర్ పెట్టె), దానికి త్రీ పిన్ ప్లగ్గున్న పవర్డ్ సబ్‌వూఫర్ (సొంత ఆంప్లిఫైయర్ ఉన్న బేస్ స్పీకర్), హెచ్‌డీఎంఐ మీద కేబుల్ టీవీ సెట్‌టాప్ బాక్సు, పాటల కోసం డెస్క్‌టాప్ కంప్యూటర్ నుంచి ఒక ఆడియో కేబుల్. రిసీవర్ వాల్యూమ్ సున్నాకి తెచ్చినా సబ్‌లోంచి 'మ్‌మ్‌మ్' అని ఆగకుండా వస్తోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి సబ్ ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసేస్తే ఠక్కున ఆగిపోయింది. అలాగే వాడుకోవచ్చా అన్నది మొదటి ప్రశ్న. షాపులో చెప్పిన పవర్ కండిషనర్ (కరెంటులో వచ్చే గోలని వడకట్టే పెట్టె) కొంటే సమస్య పూర్తిగా పోతుందా అన్నది రెండోది.

వాడకూడదు. కొనొద్దు. ఎందుకో, మరి ఏం చేయాలో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. చదివేలోపు ఆ ప్లగ్గు మాత్రం బోర్డులోంచి తీసి పక్కన పెట్టండి.

సబ్ వెనకాల ఆంప్లిఫైయర్ బిగించిన ఇనుప ప్లేటు ఉంటుంది చూడండి, ఎర్తు వైరు లోపల దానికే బిగించి ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పాడయ్యో, లోపలి వైరు ఊడిపోయో ఫేజు ఆ ప్లేటుకి తగిలిందనుకోండి. ఎర్తు ఉంటే ఆ దారిలో ఒక్కసారిగా కరెంటు పారి ఫ్యూజో ఎంసీబీయో పోతుంది, ఇంట్లో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి లీకైతే మెయిన్ ఆపేసే స్విచ్చు) ఉంటే అది ఇంకా ముందే పడిపోతుంది. ఎర్తు లేకపోతే ఏదీ పడదు, ప్లేటు మీద 230 వోల్టులు అలాగే ఉంటాయి. పైగా అక్కడితో ఆగవు. రిసీవర్ నుంచి సబ్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ షీల్డు, అంటే నడిమి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక, ఆ ప్లేటుని రిసీవర్ బాడీతో కలుపుతుంది, హెచ్‌డీఎంఐ కేబుల్ రిసీవర్‌ని టీవీతోనూ బాక్సుతోనూ కలుపుతుంది. అంటే సబ్‌లో వచ్చిన ఫాల్టుకి, టీవీ వెనకాల పెన్‌డ్రైవ్ పెట్టబోయిన పిల్లాడికి షాక్ కొట్టొచ్చు. కంప్యూటర్‌కి ఎర్తుంది కదా, అటు పోతుందిలే అనుకుంటే, ఆ కరెంటంతా సన్నటి షీల్డు తీగల్లోంచి పోవాలి. అవి కాలి తెగిపోయాక మళ్లీ మొదటికే వస్తాం.

అయితే ఆ ఎలక్ట్రీషియన్ చేసిన పనికి ఒక ఉపయోగం ఉంది. పిన్ను తీయగానే హమ్ పోయిందంటే మీ సబ్ బాగానే ఉందని, లోపల కెపాసిటర్లు పోలేదని, ఇది నూటికి తొంభైతొమ్మిది పాళ్లు గ్రౌండ్ లూపేనని, అంటే ఎర్తులూ కేబుల్ షీల్డులూ కలిసి కరెంటు తిరిగే చక్రమైందని తేలిపోయింది. రోగం తెలిసింది. ఇక మందు ఎక్కడ వేయాలో చూడాలి. సబ్ ఎర్తు దగ్గర మాత్రం కాదు.

ఎర్తు అంటే సున్నా వోల్టులని చదువుకుంటాం. నిజానికి ఇంట్లో ఎర్తు అని పేరున్న రెండు చోట్ల మధ్య ఎంతో కొంత వోల్టేజీ ఉంటూనే ఉంటుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, బోరు మోటారు, ఇవన్నీ కొంచెం కొంచెం కరెంటు ఎర్తులోకి వదులుతుంటాయి, ఆ వైర్లకి నిరోధం ఉంటుంది, కాబట్టి ఆ పొడుగునా వోల్టేజీ తేడా వస్తుంది. ఇది తప్పేం కాదు. ఆ రెండు చోట్లనీ మీ ఆడియో కేబుల్‌తో కలిపినప్పుడే తంటా. మీ కేసులో దారి ఇలా ఉండాలి: ఇంటి ఎర్తు పిట్ నుంచి హాల్లో బోర్డుకి, అక్కణ్నుంచి సబ్ ప్లేటుకి, ఆర్‌సీఏ షీల్డు మీదుగా రిసీవర్‌కి, హెచ్‌డీఎంఐ మీదుగా సెట్‌టాప్ బాక్సుకి, బాక్సు వెనకాల కోయాక్సియల్ కేబుల్ (కేబుల్ టీవీ తీగ) అల్లిక మీదుగా కిటికీలోంచి బయటికి, వీధి స్తంభం మీది కేబుల్ ఆపరేటర్ ఆంప్లిఫైయర్‌కి. అది ఎవరింటి కరెంటుతో నడుస్తోందో, దాని ఎర్తు ఎక్కడుందో మీకూ నాకూ తెలీదు. అక్కణ్నుంచి నేలలోంచి మళ్లీ మీ ఎర్తు పిట్‌కి. చక్రం పూర్తయింది. పిన్ను తీసేస్తే ఈ చక్రం సబ్ దగ్గర తెగుతుంది, అందుకే హమ్ ఆగింది.

కొంచెం లెక్క చూద్దాం. ఆర్‌సీఏ కేబుల్లో షీల్డు రెండు పనులు చేస్తుంది: బయటి గోలని ఆపడం ఒకటి, సిగ్నల్ తిరిగొచ్చే దారి కావడం ఇంకొకటి. ఆ షీల్డు నిరోధం 0.1 ఓమ్ అనుకుందాం, లూపులో 10 మిల్లీఆంపులు పారుతోందనుకుందాం. షీల్డు రెండు కొసల మధ్య 1 మిల్లీవోల్టు పుడుతుంది, అది నేరుగా సిగ్నల్‌కి కలుస్తుంది, ఎందుకంటే సబ్ చూసేది నడిమి తీగకీ షీల్డుకీ మధ్య తేడానే. ఇళ్లలో వాడే లైన్ లెవెల్, అంటే పరికరాల మధ్య కేబుల్లో వెళ్లే ఆడియో సిగ్నల్ మోతాదు, దాదాపు 316 మిల్లీవోల్టులు. అంటే హమ్ సంగీతం కంటే 50 డెసిబెల్స్ మాత్రమే కింద ఉంది. పగలు ఫ్యాన్ చప్పుడులో తెలీదు, రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఇదే చెవిలో జోరీగ. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్, సబ్ ఉన్నదే ఆ స్వరాలు పాడటానికి. అదే 1 మిల్లీవోల్టు చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లలోకి వెళ్తే చాలామంది గమనించరు కూడా.

వాల్యూమ్ సున్నా చేసినా ఎందుకు తగ్గలేదన్నారు కదా, ఇందుకే. హమ్ పుడుతున్నది రిసీవర్‌కీ సబ్‌కీ మధ్య కేబుల్లో, అంటే రిసీవర్ వాల్యూమ్ దాటిపోయాక. హమ్ వాల్యూమ్‌తో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే దాని మూలం వాల్యూమ్ కంటే ముందు, అంటే బాక్సు, కంప్యూటర్, వాటి కేబుళ్లు. ఎవరు హమ్ అని ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఇదే. సగం పని ఫోన్లోనే అయిపోతుంది.

ఇప్పుడు అసలు వెతుకులాట. దీనికి డబ్బు ఖర్చు లేదు, ఓపిక కావాలి. ముందు సబ్‌కి ఎర్తు పిన్నున్న కొత్త ప్లగ్గు పెట్టించండి. ఆర్‌సీఏ కేబుల్ని సబ్ వైపు నుంచి పీకి, తర్వాత సబ్ ఆన్ చేయండి. రిసీవర్ వైపు పీకి సబ్ వైపు వదిలేస్తే వేలాడే కేబుల్ యాంటెన్నాలా గాలిలోని హమ్మంతా లాగి మిమ్మల్ని తికమక పెడుతుంది, చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. కేబుల్ లేని సబ్ నిశ్శబ్దంగా ఉండాలి. లేకపోతే సమస్య సబ్‌లోనే, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. నిశ్శబ్దంగా ఉంటే సబ్ ఆఫ్ చేసి కేబుల్ మళ్లీ పెట్టండి (ఆన్‌లో ఉండగా పెడితే ఆర్‌సీఏలో నడిమి పిన్ను ముందు తగిలి 'ధబ్' మంటుంది, స్పీకర్‌కి మంచిది కాదు). తర్వాత రిసీవర్ నుంచి మిగతావన్నీ పీకేయండి. హెచ్‌డీఎంఐలు, కంప్యూటర్ కేబుల్, ఎఫ్‌ఎం యాంటెన్నా, ల్యాన్ కేబుల్, అన్నీ. స్విచ్ ఆపితే చాలదు. ఆపినా షీల్డులు అతుక్కునే ఉంటాయి, లూపుకి పరికరం ఆన్‌లో ఉందా లేదా అనవసరం. కేబుల్ చేత్తో పీకి పక్కన పెట్టాల్సిందే.

ఇప్పుడు సబ్, రిసీవర్ రెండే మిగిలాయి. మీ రిసీవర్‌ది టూ పిన్ ప్లగ్గే అయ్యుంటుంది, ఏవీ రిసీవర్లు చాలావరకు డబుల్ ఇన్సులేషన్‌తో ఎర్తు లేకుండానే వస్తాయి. అందుకే ఈ దశలో హమ్ ఉండకూడదు, ఎర్తు ఒక్కచోటే ఉంది కాబట్టి చక్రం పూర్తవదు. ఇక ఒక్కొక్కటే తిరిగి పెట్టండి, పెట్టినప్పుడల్లా సబ్ దగ్గర చెవి ఆనించి వినండి. దేంతో హమ్ వచ్చిందో అదే దొంగ. ఒక్కోసారి ఇద్దరు దొంగలుంటారు. మీ ఇంట్లో కేబుల్ టీవీ ఒకటి, త్రీ పిన్ కంప్యూటర్ ఒకటి, రెండూ అనుమానితులే, కాబట్టి ఒకటి దొరికిందని అక్కడే ఆపేయకండి.

నా పందెం కేబుల్ టీవీ మీద. హమ్ వస్తున్నప్పుడు బాక్సు వెనకాల మర తిప్పి బిగించే కోయాక్సియల్ కనెక్టర్ ఊడదీయండి, బాక్సుని ఆన్‌లోనే ఉంచి. టీవీలో సిగ్నల్ పోతుంది, దాంతోపాటు హమ్ కూడా పోతే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. ఊడదీసేటప్పుడు ఒక చెయ్యి కోయాక్సియల్ మీద, ఇంకో చెయ్యి రిసీవర్ మీద పెట్టకండి. పాతబడ్డ లైన్లలో రెండింటి మధ్యా చేతికి తెలిసేంత వోల్టేజీ ఉంటుంది. ఊడదీశాక మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక కొస కనెక్టర్ లోహం మీద, రెండోది సబ్ వెనక ప్లేటు స్క్రూ మీద పెట్టి చూడండి. కొన్ని వందల మిల్లీవోల్టులో, ఒకటి రెండు వోల్టులో కనిపిస్తే సరిగ్గా అదే మీ హమ్. 50 వోల్టులు దాటి కనిపిస్తే ఆ కేబుల్ మళ్లీ పెట్టకండి, ఆపరేటర్‌ని పిలిచి చూపించండి.

బాక్సు బాడీనే కొలిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది, అది చూసి భయపడొద్దు. కోయాక్సియల్ లేకుండా, హెచ్‌డీఎంఐ లేకుండా, ఒట్టి టూ పిన్ అడాప్టర్ మీద ఉన్న బాక్సు లోహం మీద మీటర్ 90, 100, 110 అని చూపిస్తుంది. చేత్తో తాకితే సన్నగా జివ్వుమంటుంది. అడాప్టర్ లోపల మెయిన్స్ వైపుకీ అవుట్‌పుట్ వైపుకీ మధ్య వై కెపాసిటర్ అని ఒకటి ఉంటుంది, 2.2 నానోఫారడ్ లాంటిది, రేడియో గోల తగ్గించడానికి. దాంట్లోంచి 0.1 మిల్లీఆంపుకి అటూ ఇటూ కరెంటు మాత్రమే వస్తుంది, మీటర్ నిరోధం మరీ ఎక్కువ కాబట్టి అంత వోల్టేజీ చూపిస్తోంది. లూపు హమ్‌కి అది సాధారణంగా కారణం కాదు. ఎర్తు లేని బోర్డులో పెట్టిన డెస్క్‌టాప్ క్యాబినెట్ షాక్ కొట్టడం దీనికి పెద్దన్న. అక్కడ ఫిల్టర్‌లో ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి కెపాసిటర్లు ఉండి, ఎర్తు తెగితే బాడీ సగం వోల్టేజీ దగ్గర, 115 చిల్లర దగ్గర వేలాడుతుంది. 'కంప్యూటర్ షాక్ కొడుతోంది, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) మార్చండి' అని వచ్చేవాళ్లలో చాలామందికి కావాల్సింది కొత్త ఎస్‌ఎంపీఎస్ కాదు, బోర్డులో ఎర్తు.

కోయాక్సియలే అని తేలితే మంచి పరిష్కారం కేబుల్ ఇంట్లోకి వచ్చే చోటే. అక్కడ ఒక గ్రౌండ్ బ్లాక్ పెట్టి, కోయాక్సియల్ షీల్డుని మందమైన వైరుతో ఇంటి మెయిన్ ఎర్తుకి కలిపించండి. బయటి నుంచి వచ్చే కరెంటు హాల్లోకి రాకుండా గుమ్మం దగ్గరే ఎర్తులోకి దిగిపోతుంది, పిడుగుల కాలంలో టీవీకి కూడా కొంత రక్ష. అంత పని వద్దనుకుంటే బాక్సు ముందు కోయాక్సియల్ ఐసోలేటర్ అని చిన్న పీస్ వేస్తారు, లోపల నడిమి తీగకీ షీల్డుకీ కూడా కెపాసిటర్లు ఉంటాయి, టీవీ సిగ్నల్ దాటుతుంది, 50 హెర్ట్జ్ దాటదు. డాబా మీద డిష్ ఉన్నవాళ్లు మాత్రం ఇది వాడకూడదు. డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి (సిగ్నల్ అందుకునే ముక్కకి) 13 లేదా 18 వోల్టుల డీసీ అదే కేబుల్లో పైకి వెళ్లాలి, ఐసోలేటర్ దాన్ని ఆపేస్తుంది, స్క్రీన్ మీద 'నో సిగ్నల్' తప్ప ఏమీ రాదు. వాళ్లకి గ్రౌండ్ బ్లాకే దారి.

హెచ్‌డీఎంఐని మధ్యలో తెంచడం కుదరదా అంటే అంత తేలిక కాదు. 'ఆప్టికల్ హెచ్‌డీఎంఐ' అని అమ్మే కేబుళ్లలో బొమ్మ గాజు తీగలో వెళ్లినా, మిగతా సంకేతాలకి చాలావాటిలో రాగి తీగలు ఉండనే ఉంటాయి, లూపు వాటి మీదుగా పోతుంది. చూసి కొనండి.

కంప్యూటర్ సంగతి తేలిక. మదర్‌బోర్డుకి ఆప్టికల్ అవుట్ ఉంటే, రిసీవర్‌కి ఆప్టికల్ ఇన్ ఎలాగూ ఉంటుంది, ఒక టాస్‌లింక్ కేబుల్ వేసి పని కానివ్వండి. అందులో వెళ్లేది వెలుతురు, దాంట్లో ఎర్తు కరెంటు పారదు. ఆప్టికల్ లేకపోతే 3.5 ఎంఎం గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది, లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు, పాటలకి పర్వాలేదు. కంప్యూటర్‌తో వచ్చే లూపుకి ఒక గుర్తు చెప్తాను: హమ్‌తో పాటు మౌస్ కదిపితే 'కిర్ కిర్', గేమ్ పెడితే సన్నటి ఈల. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకి బ్యాటరీ మీద పెట్టండి, శబ్దం మాయమైతే దారి ఛార్జర్ మీదుగా ఉన్నట్టే. యూఎస్‌బీ డీఏసీ (కంప్యూటర్ ఇచ్చే డిజిటల్ సంకేతాన్ని ఆడియోగా మార్చే డబ్బీ) వాడేవాళ్లకి యూఎస్‌బీ ఐసోలేటర్లు ఉన్నాయి, ఏడీయూఎం3160 చిప్ మీద చేసినవి సెకనుకి 12 మెగాబిట్ల దగ్గర ఆగుతాయి, మామూలు స్టీరియోకి అది సరిపోతుంది.

ఆ చవక డబ్బీనే సబ్ కేబుల్లో పెట్టేస్తే పోలా అని మీరు అడగబోతున్నారు. పెట్టండి, హమ్ పోతుంది, బేసూ పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో పుట్టే అయస్కాంత ప్రవాహం వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగించినంత. 100 హెర్ట్జ్‌కి సరిపోయిన కోర్, అదే వోల్టేజీకి 20 హెర్ట్జ్ దగ్గర అయిదు రెట్లు మోయాలి, గోరంత కోర్ అక్కడ నిండిపోయి శబ్దం వంకర్లు పోతుంది. సబ్‌లో పెట్టాలంటే పెద్ద కోర్ ఉన్న మంచి లైన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని ధర చూసి మీరే వెనక్కి తగ్గుతారు. కాబట్టి లూపుని సబ్ దగ్గర కాకుండా కేబుల్ టీవీ దగ్గర, కంప్యూటర్ దగ్గర తెంచడమే చవకైన దారి. సబ్‌కి ఆర్‌సీఏతో పాటు ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (మూడు పిన్నుల గుండ్రటి సాకెట్) ఉంటే అది అదృష్టం: రెండు కోర్ల షీల్డెడ్ వైరు తీసుకుని, రిసీవర్ వైపు ఆర్‌సీఏ నడిమి పిన్నుని 2వ పిన్నుకి, ఆర్‌సీఏ బయటి లోహాన్ని 3వ పిన్నుకి వేయండి, షీల్డు 1కి. సబ్ వైపు 1, 3 కలపకండి, కలిపితే చేసిందంతా వృథా. సబ్ ఇప్పుడు 2కీ 3కీ మధ్య తేడానే చూస్తుంది, షీల్డులో ఏం పారినా పెద్దగా పట్టించుకోదు.

ఇంకో పైసా ఖర్చు లేని పని, అన్నింటినీ ఒకే బోర్డు నుంచి నడపడం. సబ్ ఒక మూల బోర్డులో, టీవీ ఇంకో మూల, కంప్యూటర్ పక్క గది నుంచి లాగిన వైరులో ఉంటే వాటి ఎర్తుల మధ్య దూరం పెరిగి వోల్టేజీ తేడా కూడా పెరుగుతుంది. మొత్తం లోడు చూసి భయపడకండి, 6 ఆంపుల పాయింటే 1380 వాట్లు మోస్తుంది, మీ సిస్టమ్ గట్టిగా పాడినా చాలావరకు అందులో సగానికి కూడా రాదు.

కానీ ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనేటప్పుడు ఒక్కసారి అడుగున నాలుగు స్క్రూలూ విప్పి చూడండి. తెనాలిలో ఒకరింటికి హమ్ అని పిలిస్తే వెళ్లాను. మూడు రంధ్రాల సాకెట్లు ఆరు, పైన ఇండికేటర్, చూడ్డానికి దిట్టంగా ఉంది. విప్పితే లోపల ఎర్తు పట్టీ ఉంది, మెరుస్తోంది, ఆరు సాకెట్లనీ కలుపుతోంది, కానీ దానికి వచ్చే వైరు లేదు. బయటికి వెళ్లే తీగ టూ కోర్, ఎరుపూ నలుపూ మాత్రమే. ప్లగ్గుకి మూడో పిన్ను ఉంది, దానికి లోపల ఏమీ తగిలించలేదు. ఆ బాక్సులో పెట్టిన కంప్యూటర్, సబ్, మానిటర్ అన్నీ తమలో తాము కలుసుకున్నాయి గాని నేలతో కలవలేదు, కంప్యూటర్ వదిలే లీకేజీ అంతా సబ్ కేబుల్ మీదుగా దారి వెతుక్కుంటోంది. పచ్చ వైరున్న త్రీ కోర్ తీగ మార్చగానే సద్దుమణిగింది. అక్కడ ఎర్తు తీయడం కాదు, ఎర్తు పెట్టడమే మందు అయింది.

గోడలోని బోర్డుని కూడా నమ్మకండి. మల్టీమీటర్‌తో మూడు రీడింగులు: ఫేజుకీ న్యూట్రల్‌కీ, ఫేజుకీ ఎర్తుకీ, న్యూట్రల్‌కీ ఎర్తుకీ. మొదటి రెండూ దాదాపు సమానంగా, 230 అటూ ఇటూ ఉండాలి. మూడోది రెండు మూడు వోల్టుల లోపు. చేయడం రాకపోతే ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, పక్కన నిలబడి చూడండి. హోల్డర్ బల్బు ఫేజుకీ ఎర్తుకీ పెట్టి వెలిగితే ఎర్తు ఉన్నట్టు అని చూపిస్తారు, ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఆ 60 వాట్ల బల్బు పావు ఆంపు లాగి ఇల్లంతా ట్రిప్ చేస్తుంది, అది ఎర్తు బాగుందనడానికే గుర్తు, కంగారు పడకండి.

మూడో రీడింగు సరిగ్గా 0.0 వస్తే సంతోషించకండి. గీజర్ వేసి మళ్లీ చూడండి. అంత లోడు మీద కూడా సున్నా నుంచి కదలకపోతే ఎవరో బోర్డులోనే న్యూట్రల్‌ని ఎర్తు పిన్నుకి చిన్న వైరు ముక్కతో కలిపేశారన్న అనుమానం రావాలి. ఎర్తు లాగే ఓపిక లేక కొందరు చేసే పని ఇది. టెస్టర్ పెట్టినా, బల్బు పెట్టినా ఎర్తు ఉన్నట్టే కనిపిస్తుంది. హమ్ సంగతి అటుంచండి, న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున ఆ బోర్డులో పెట్టిన ప్రతి లోహపు బాడీ మీదా ఫేజు వచ్చి కూర్చుంటుంది. ఇది కనిపిస్తే ఆడియో పక్కన పెట్టి ముందు దాన్ని తీయించండి.

ఇక పవర్ కండిషనర్. అది ఫేజు, న్యూట్రల్ మీద వచ్చే గోలని వడకడుతుంది. మీ సమస్య ఎర్తు, షీల్డు మీద ఉంది. కండిషనర్ ఎర్తు వైరుని ఇటు నుంచి అటు అలాగే వదిలేస్తుంది, వదిలేయాలి కూడా. స్టెబిలైజర్ అయినా అంతే. 'ఆడియోకి సెపరేట్ ఎర్తు పిట్ తవ్వించండి' అని ఇంకో సలహా తప్పకుండా వస్తుంది, ఉప్పు, బొగ్గు, పైపు, కూలీ కలిపి బిల్లు బాగానే అవుతుంది. ఇంటి ఎర్తుతో కలపకుండా రెండో పిట్ వేస్తే ఇంట్లో రెండు వేర్వేరు సున్నాలు తయారవుతాయి, లూపుకి కావాల్సిందే అది. పక్కలో పిడుగు పడితే ఆ రెండింటి మధ్య వచ్చే వోల్టేజీ మీ హెచ్‌డీఎంఐ పోర్టుల్లోంచి దారి చూసుకుంటుంది. ఎన్ని పిట్లు వేసినా వాటిని పట్టీతో కలపాల్సిందే. ఉన్న పిట్‌కి ఎండాకాలంలో నాలుగు బిందెల నీళ్లు పోయడం మంచిదే, అది ప్రాణరక్షణకి, హమ్‌కి కాదు. కారులో నేలలోకి దిగే ఎర్తే లేదు, విమానంలోనూ లేదు, అయినా పాటలు హమ్ లేకుండా వస్తాయి.

అన్ని హమ్‌లూ లూపు కావు. మీ కేసుకి సంబంధం లేకపోయినా ఇదే వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. 'మ్‌మ్' అని మెత్తగా కాకుండా 'జర్‌ర్' అని గరగరలాడితే ముందు ఫ్యాన్ రెగ్యులేటర్ ఫుల్‌లో పెట్టి చూడండి, గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ లోపలి ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చు కరెంటు తరంగాన్ని మధ్యలో కోస్తుంది. నాలుగు స్టెప్పులుండే కెపాసిటర్ రెగ్యులేటర్‌కి ఈ జబ్బు లేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే గరగర వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, ఫ్యాన్లు కూడా అదే పాట పాడుతుంటాయి, వాటికి సైన్ వేవ్ ఇన్వర్టర్ తప్ప వేరే మందు లేదు. శబ్దం స్పీకర్లోంచి కాక ఆంప్లిఫైయర్ పెట్టెలోంచే వస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్ వణుకుతోందని అర్థం, ఏ కేబుల్ మార్చినా పోదు. పాత స్టీరియోలో ఏ కేబుళ్లూ లేకుండానే ఎప్పుడూ 100 హెర్ట్జ్ హమ్ ఉంటే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయుంటాయి. 50కీ 100కీ తేడా తెలియాలంటే ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ వేసి హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఫోన్ స్పీకర్ 50 పలకలేదు. రికార్డ్ ప్లేయర్ వాడేవాళ్లు దాని నుంచి వచ్చే సన్నటి విడి ఎర్తు తీగ ఆంప్లిఫైయర్ వెనక స్క్రూకి బిగించారో లేదో చూసుకోండి, కార్ట్రిడ్జ్ (సూది ఉండే ముక్క) ఇచ్చేది 5 మిల్లీవోల్టుల లెక్కలో కాబట్టి అక్కడ చిన్న తప్పూ పెద్దగా వినపడుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇదే హమ్ 60, 120 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అక్కడ మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నులుగా మార్చే అడాప్టర్ వేసి ఎర్తు తప్పించేస్తుంటారు, వోల్టేజీ 120 అయినంత మాత్రాన ఆ పని మంచిదైపోదు.

సోల్డరింగ్ వచ్చినవాళ్లు ఒకటి అడుగుతారు, ఆంప్లిఫైయర్ లోపల సిగ్నల్ గ్రౌండ్‌కీ ఛాసిస్‌కీ మధ్య 10 ఓమ్ రెసిస్టర్, దానికి సమాంతరంగా 35 ఆంపుల బ్రిడ్జ్ రెక్టిఫయర్ పెట్టొచ్చా అని. పెట్టొచ్చు, చాలా డిజైన్లలో ఉన్నదే. చిన్న వోల్టేజీకి 10 ఓమ్ అడ్డుపడి లూపు కరెంటుని తగ్గిస్తుంది, ఫాల్టు వస్తే డయోడ్లు మొత్తం మోస్తాయి. ఛాసిస్ మాత్రం నేరుగా ఎర్తుకే ఉండాలి. దీన్నే ప్లగ్గులో ఎర్తు వైరు మధ్యలో పెట్టే తెలివి చూపించొద్దు.

మీరు చేయాల్సిన వరుస: కొత్త ప్లగ్గు, బోర్డులో మూడు రీడింగులు, కేబుళ్లన్నీ పీకి ఒక్కొక్కటే పెట్టడం, కోయాక్సియల్ కనెక్టర్‌కీ సబ్ ప్లేటుకీ మధ్య వోల్టేజీ. ఈ నాలుగో కొలత ఎంత వచ్చిందో, కంప్యూటర్‌కి ఆప్టికల్ అవుట్ ఉందో లేదో, సబ్ వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ ఉందో లేదో రాయండి. మీ ఆపరేటర్ బిల్డింగ్ దాకా ఫైబర్ తెచ్చి అక్కణ్నుంచి కోయాక్సియల్ వేశాడా, స్తంభం నుంచి నేరుగా కోయాక్సియలే వస్తోందా అన్నది కూడా చూడండి. దాన్ని బట్టి గ్రౌండ్ బ్లాక్ ఎక్కడ పెట్టించాలో చెప్తాను.